డాబా మీద సొంత గాలిమర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆషాఢం గాలి మొదలైందంటే చాలు, హైదరాబాద్‌లో డాబా ఉన్న చాలామందికి ఓ గాలిమర పెడదామా అనిపిస్తుంది. అడిగేవాళ్లు మారతారు గానీ అనుమానాలు మారవు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. లెక్కలన్నీ 1.2 మీటర్ల వ్యాసం ఉన్న మూడు రెక్కల చక్రానికి, 12 వోల్టుల బ్యాటరీకి వేసినవి. వరుసగా చదవక్కర్లేదు, పనిలో ఎక్కడున్నారో చూసుకుని ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లండి.

## మొదలుపెట్టకముందు

హైదరాబాద్‌లో గాలిమర పెడితే అసలు కరెంటు వస్తుందా?

వస్తుంది. కొంచెమే వస్తుంది, అదీ ఏడాది పొడుగునా రాదు. మే నెల సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలి ఎంత విసురుగా ఉన్నా అరగంటలో పోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మృగశిర కార్తె దాటాక పడమటి, నైరుతి గాలి నిలకడగా వీస్తుంది. జూన్, జూలై, ఆగస్టు, అంటే బోనాలకు అటూ ఇటూ, గాలిమరకు మంచి కాలం. బతుకమ్మ నాటికి గాలి పడిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో రోజుల తరబడి చక్రం కదలకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది. అందులో అనంతపురం, కర్నూలు వైపు కొండలదే పెద్ద వాటా. తెలంగాణ మొత్తానికి ఉన్నది 128 మెగావాట్లు. డబ్బు పెట్టేవాళ్లు గాలి ఎక్కడుందో చూసుకునే పెడతారు. మనం చేసేది సరదాకి, నేర్చుకోవడానికి, కరెంటు పోయినప్పుడు ఒక చిన్న వస్తువు నడుపుకోవడానికి. బిల్లు తగ్గించుకోవడానికైతే మాత్రం కాదు.

దీంతో ఏమేం నడుస్తాయి? ఫ్యాన్ తిరుగుతుందా?

చక్రం ఇచ్చేది గాలి వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, ఈ పనిలో గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇదొక్కటే. ఇంట్లో చేసిన చక్రం గాలిలోని శక్తిలో ఐదో వంతు పట్టుకుందనుకుంటే, సెకనుకు 3 మీటర్ల గాలిలో మూడు వాట్ల చిల్లర, 4 మీటర్లకు 8 వాట్లు, 5 మీటర్లకు 15 వాట్లు, 6 మీటర్లకు 27 వాట్ల దాకా వస్తుంది. 2 మీటర్ల గాలికి వచ్చేది ఒక్క వాటు, అది బేరింగ్ రాపిడికే సరి.

కాబట్టి వైఫై రౌటర్ (5 నుంచి 8 వాట్లు), ఒకటి రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జింగ్, చిన్న రేడియో హాయిగా నడుస్తాయి. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 30 వాట్లు తీసుకుంటుంది. బ్యాటరీలో నిండా దాచుకుంటే కాసేపు తిప్పుకోవచ్చు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ (75 వాట్లు), మిక్సీ, ఫ్రిజ్, ఐరన్ బాక్సు వద్దు. నా ఓటు రౌటర్‌కే. కరెంటు పోయినా నెట్ పోకపోతే ఇంట్లోవాళ్లు ఈ గాలిమరను గౌరవంగా చూస్తారు.

నెట్‌లో 300 వాట్లు, 500 వాట్లు అని అమ్ముతున్నారు కదా, మీరు ఇంత తక్కువ చెబుతున్నారేంటి?

ఆ అంకె సెకనుకు 11, 12 మీటర్ల గాలికి వేసినది. అంత గాలి వీచిన రోజు పెద్ద కొమ్మలు కూడా ఊగుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. పైగా ఎంత గొప్ప యంత్రమైనా గాలిలోని శక్తిలో 59.3 శాతం దాటి పట్టుకోలేదు. జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్కగట్టిన హద్దు అది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉండటంతో, ఎండ వేడి కూడా తోడై, గాలి సాంద్రత ఇంకో పది శాతం తగ్గుతుంది. పెట్టె మీది అంకెను కాదు, 4 మీటర్ల గాలికి ఎంత ఇస్తుందో అడగండి. దానికి జవాబు చెప్పని దుకాణంలో కొనకండి.

మా డాబా మీద గాలి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు చెట్టును చూడండి. వేపాకులు ఉండీ ఉండీ కదులుతున్నాయంటే సెకనుకు 2, 3 మీటర్లు. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా ఊగుతూ, చిన్న జెండా పరుచుకుని ఎగురుతుంటే 4, 5 మీటర్లు. దుమ్ము లేచి, కాగితాలు ఎగిరి, చిన్న కొమ్మలు ఊగుతుంటే 6 దాటినట్టే.

తర్వాత గాలి వేగం కొలిచే, చేతిలో పట్టుకునే ఎనిమోమీటర్ ఒకటి కొనండి లేదా అడిగి తెచ్చుకోండి. పిట్టగోడ దగ్గర కాదు, గాలిమర కూర్చోబోయే ఎత్తులో పెట్టి చూడాలి. ఓ కర్రకు కట్టి నీళ్ల ట్యాంకు కంటే పైకెత్తండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, కనీసం రెండు వారాలు రాసుకోండి. ఆ పుస్తకం మోటారు కంటే ముఖ్యం.

ఇంకో పని: రెండు మీటర్ల రిబ్బను ముక్కను అదే కర్ర చివర కట్టండి. అది ఒకే దిక్కుకు చాచుకుని ఎగిరితే మంచి చోటు. మెలికలు తిరుగుతూ, ఎగిరి పడుతూ, దిక్కు మార్చుకుంటూ ఉంటే అక్కడ సుడి ఉన్నట్టు. పక్కనున్న ఐదంతస్తుల అపార్టుమెంటు మీ గాలిని తినేస్తోంది. అలాంటి చోట ఎంత మంచి చక్రం పెట్టినా దండగ.

చెన్నై సంస్థ వాళ్ల పవన పటంలో మా ఏరియాకు మంచి గాలి చూపిస్తోంది. అది చాలదా?

చాలదు. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ పటాలు పెద్ద టర్బైన్ల కోసం వేసినవి, నేలకు వంద మీటర్లు, ఆ పైన వీచే గాలికి సంబంధించినవి. మీ డాబా పది మీటర్ల ఎత్తులో, ఇళ్ల మధ్య ఉంది.

దీని బదులు సోలార్ ప్యానెల్ పెట్టుకోవడం మేలు కదా?

కరెంటే కావాలంటే, మేలే. హైదరాబాద్ ఎండకు 50 వాట్ల ప్యానెల్ మబ్బు లేని రోజున 200 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. సగటున సెకనుకు 3 మీటర్ల గాలి ఉన్న చోట మన గాలిమర రోజంతా తిరిగినా అందులో సగం ఇస్తే గొప్ప. ప్యానెల్‌కు బేరింగ్ లేదు, బ్రేకు లేదు, రాత్రి చప్పుడు లేదు.

గాలిమర పనికొచ్చేది ఒకే సందర్భంలో: జూలైలో మబ్బు పట్టి ప్యానెల్ నీరసపడ్డ రోజుల్లోనే గాలి బాగుంటుంది. రెండూ ఒకే బ్యాటరీకి కలిపితే ఒకదానికొకటి సాయం. షామీర్‌పేట, చేవెళ్ల, వికారాబాద్ వైపు పొలమో ఫాంహౌసో ఉండి చుట్టూ అడ్డం లేకపోతే ఈ జంట నిజంగా బాగా పనిచేస్తుంది. మెహదీపట్నం గల్లీలో ఉన్నవాళ్లు ప్యానెల్‌తో సరిపెట్టుకోండి.

ఇంట్లో చేసినదాంతో నిజంగా ఎవరైనా ఇల్లు వెలిగించారా?

కరెంటు కోసం కట్టిన మొదటి గాలిమరల్లో ఒకటి ఇంటి పెరట్లోదే. 1887లో స్కాట్లాండ్‌లో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసర్ గుడ్డ తెరచాపలతో ఒకటి కట్టి, బ్యాటరీలు నింపి తన విడిది ఇంట్లో దీపాలు వెలిగించుకున్నాడు. మిగిలిన కరెంటు ఊరి వీధికి ఇస్తానంటే, అది దెయ్యం పని అని ఊళ్లోవాళ్లు వద్దన్నారని చెబుతారు.

కరెంటు ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలా?

12 వోల్టుల బ్యాటరీకి చార్జ్ చేసి, ఆ బ్యాటరీ నుంచే రౌటరో బల్బో నడుపుకుంటూ, ఇంటి వైరింగ్‌తో ఎక్కడా కలపకపోతే మీకు వాళ్లతో పని పడదు. ఇంటి సాకెట్‌లోకి ఎదురు కరెంటు పంపే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. లైన్ ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. అపార్టుమెంటైతే సొసైటీవాళ్లను అడగాల్సిందే, అద్దె ఇల్లయితే ఓనర్‌ను.

## మోటారు, సామాన్లు

జనరేటర్‌గా ఏ మోటారు కొనాలి?

లోపల అయస్కాంతాలు ఉండాలి, తక్కువ వేగానికే వోల్టేజి రావాలి. ఈ రెండూ లేకపోతే ఎంత చవకైనా వద్దు. 4 మీటర్ల గాలిలో మన చక్రం నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, అప్పటికి కనీసం 13, 14 వోల్టులు రావాలి.

చూసుకోవడం తేలిక. మోటారు మీది ప్లేటులో ఉన్న వోల్టులను ఆర్‌పీఎంతో (నిమిషానికి చుట్లు) భాగించండి. 180 వోల్టులు, 4,000 ఆర్‌పీఎం అని ఉంటే చుట్టుకు 0.045. దాన్ని 300తో గుణిస్తే 13.5 వోల్టులు, సరిపోయింది. 24 వోల్టులు, 3,000 ఆర్‌పీఎం అని ఉంటే 300 చుట్లకు వచ్చేది 2.4 వోల్టులే, పక్కన పెట్టేయండి. ట్రెడ్‌మిల్ మోటార్లు కొన్ని ఈ లెక్కకు నిలుస్తాయి, కొన్ని నిలవవు. "ట్రెడ్‌మిల్‌ది" అనగానే కొనేయకండి, ప్లేటు చదవండి.

పాత హోవర్‌బోర్డు చక్రం మంచి ఎంపిక. మోటారు, బేరింగులు, ఇరుసు అన్నీ అందులోనే ఉంటాయి. ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటారైతే గేర్లు లేనిదే తీసుకోండి. గేర్లున్నదానిలో ఒకవైపు వదిలేసే క్లచ్ ఉంటుంది, చక్రం తిరిగినా లోపల మోటారు తిరగదు.

పాత సీలింగ్ ఫ్యాన్‌తో చేయొచ్చా?

మామూలు సీలింగ్ ఫ్యాన్‌లో అయస్కాంతాలు ఉండవు. చేత్తో ఎంత తిప్పినా కరెంటు రాదు. విప్పి, అయస్కాంతాలు అతికించి మార్చేవాళ్లున్నారు గానీ, సన్న వైరు చుట్లు కావడంతో వోల్టేజి కనిపిస్తుంది తప్ప కరెంటు పెద్దగా రాదు.

బీఎల్‌డీసీ ఫ్యాన్ సంగతి వేరు. అందులో అయస్కాంతాలు ముందే ఉంటాయి, అది 350 ఆర్‌పీఎం దగ్గర తిరగడానికే పుట్టింది, చాలా మోడళ్లు లోపల 24 వోల్టుల డీసీ మీదే నడుస్తాయి. వీటిలో ముందు పోయేది ఎక్కువగా బోర్డే, మోటారు బాగానే ఉంటుంది. బోర్డు పోయిన బీఎల్‌డీసీ ఫ్యాన్ ఎక్కడ కనిపించినా వదలకండి. బోర్డు తీసేస్తే మూడు వైర్లు మిగులుతాయి, అవే మీకు కావలసినవి. వాన పడకుండా పైన డొప్ప పెట్టుకోవాలి, ఎందుకంటే అది ఇంటి లోపలి కోసం చేసినది.

ఆ ఫ్యాన్ రెక్కలే వాడేస్తే?

తిరుగుతాయి, పని చేయవు. గాలిని నెట్టడానికి వంచిన రెక్క గాలిని పట్టుకోవడంలో వెనకబడుతుంది.

కారు డైనమో ఇంట్లో ఉంది. అదే పెడితే?

వద్దు. అది వేయి ఆర్‌పీఎం దాటితే గానీ చార్జింగ్ మొదలుపెట్టదు, పైగా తన ఫీల్డ్ కాయిల్‌కే 30 వాట్ల దాకా అడుగుతుంది. మన గాలి ఇచ్చేది 8 వాట్లు. అమ్మేసి ఆ డబ్బుతో వేరేది కొనుక్కోండి.

పిల్లల స్కూల్ ప్రాజెక్టుకు ఇంత పెద్దది కావాలా?

అక్కర్లేదు. పాత ప్రింటర్‌లోని స్టెప్పర్ మోటారు, నాలుగు డయోడ్‌లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి), ఒక ఎల్‌ఈడీ, అట్టతో రెక్కలు చాలు. టేబుల్ ఫ్యాన్ ముందు పెడితే వెలుగుతుంది.

మోటారు మంచిదో కాదో షాపులోనే ఎలా చూడాలి?

జేబులో మల్టీమీటర్, 12 వోల్టుల బైకు ఇండికేటర్ బల్బు పెట్టుకుని వెళ్లండి. రెండు వైర్లూ విడిగా ఉన్నప్పుడు ఇరుసును వేళ్లతో తిప్పండి, సాఫీగా తిరగాలి, గరగరమంటే బేరింగ్ పోయినట్టు. ఇప్పుడు ఆ రెండు వైర్ల కొసలూ కలిపి పట్టుకుని మళ్లీ తిప్పండి. ఇరుసు ఒక్కసారిగా బరువెక్కుతుంది, బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టుంటుంది. ఆ బిగువు రాకపోతే కాయిల్ తెగిందనో అయస్కాంతం బలహీనపడిందనో అర్థం. వైర్లు విడదీసినా బిగువు పోకపోతే లోపల షార్ట్ ఉంది.

మూడు వైర్ల మోటారైతే ఏ రెండు కలిపినా ఒకేలాంటి బిగువు రావాలి. చివరగా డ్రిల్లు మెషీన్‌కు ఇరుసు బిగించి తిప్పమని అడగండి, బల్బు వెలగాలి. విసుక్కునే షాపువాడైతే పక్క షాపుకు వెళ్లండి.

సామాన్లు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

డయోడ్‌లు, రిలేలు, కన్వర్టర్లు, వోల్ట్ మీటర్లకు కోఠి గుజరాతీ గల్లీ. బేరింగులు, జీఐ పైపులు, స్టే వైర్లు (స్తంభాన్ని లాగి పట్టే తీగలు), వాటిని బిగించే టర్న్‌బకిల్స్‌కు సికింద్రాబాద్ రాణిగంజ్. పాత మోటార్లకు ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం నాటి జుమ్మేరాత్ బజార్. ఈ రెండు చోట్లా పొద్దున్నే వెళ్తేనే మంచి సరుకు, అడిగిన రేటులో సగం నుంచి బేరం మొదలు. రెక్కలు బిగించే హబ్ కోసం బాలానగర్‌లో లేత్ పనివాళ్లను పట్టుకోండి. ఇరుసు కొలత కాగితం మీద రాసుకెళ్లకండి, మోటారునే పట్టుకెళ్లండి.

## రెక్కలు

ఎన్ని రెక్కలు పెట్టాలి? ఎక్కువ పెడితే ఎక్కువ రాదా?

మూడు. రెక్కలు పెరిగితే తక్కువ గాలికే కదులుతుంది గానీ మెల్లగా తిరుగుతుంది. నీళ్లు తోడడానికి అది మంచిది, మనకు మాత్రం వేగం కావాలి. రెండు రెక్కలైతే గాలి దిక్కు మారి తల తిరిగిన ప్రతిసారీ వణుకుతుంది.

పీవీసీ పైపుతో రెక్కలు ఎలా కోయాలి?

రెక్క పొడవులో ఐదో వంతు వ్యాసం ఉన్న పైపు తీసుకోవాలి. మనకు కావలసింది 60 సెంటీమీటర్ల రెక్క, కాబట్టి 110 లేదా 140 మిల్లీమీటర్ల పైపు. పల్చటి డ్రైనేజి పైపు కాదు, బోరు లైన్లకు వాడే 6 కేజీల ప్రెషర్ పైపు.

పైపును నిలువునా నాలుగు సమాన బద్దలుగా కోయండి. గీత తిన్నగా రావాలంటే పైపును తలుపు మూలకో గడప కమ్మీకో ఆనించి పెన్సిల్‌తో గీయాలి. ఒక్కో బద్దలో ఒక అంచును అలాగే తిన్నగా వదిలేయండి, అది గాలిని చీల్చే అంచు. రెండో అంచును మొదలు దగ్గర పూర్తి వెడల్పు నుంచి కొస దగ్గర నాలుగైదు సెంటీమీటర్లకు వచ్చేలా ఏటవాలుగా కోయండి. మొదలు దగ్గర బోల్టు వేసే చోట చతురస్రంగా వదలాలి. అక్కడ మూల కోణంగా కోస్తే ఆ మూల నుంచే పగులు మొదలవుతుంది. ముందు డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసి, కోత ఆ రంధ్రంలో ఆగేలా చూడండి.

తర్వాతిది ఓపిక పని. తిన్నటి అంచును సాండ్‌పేపర్‌తో గుండ్రంగా, ఏటవాలు అంచును బయటివైపు నుంచి సన్నగా అరగదీయండి. ఆ తెల్లటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి. బిగించేటప్పుడు పైపు లోపలి గుంట వైపు గాలికి ఎదురుగా ఉండాలి. నాలుగో బద్ద స్పేరు, పారేయకండి.

మన ఎండకు పీవీసీ రెండు మూడేళ్లలో పెళుసెక్కుతుంది. పెయింటు వేస్తే ఇంకొంత కాలం నిలుస్తుంది.

బ్యాలెన్స్ చేయకపోతే ఏమవుతుంది?

మెల్లటి గాలిలో ఏమీ తెలియదు. గాలి పెరిగేసరికి స్తంభం ఊగుతుంది, నట్లు వదులవుతాయి, ఆఖరికి రెక్క ఎగిరిపోతుంది. 10 మీటర్ల గాలిలో రెక్క కొస గంటకు 200 కిలోమీటర్ల వేగం దగ్గర ఉంటుంది, కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

గదిలో ఫ్యాన్ ఆపేసి, ఇరుసు అడ్డంగా ఉండేలా చక్రాన్ని నిలబెట్టి వదలండి. బరువైన రెక్క మెల్లగా కిందికి వస్తుంది. మిగతా రెండింటి మొదట్లో వాషర్లు చేర్చుకుంటూ పోండి, ఎక్కడ ఆపితే అక్కడే నిలిచేదాకా. కొస నుంచి కొసకు దారం పట్టి మూడు దూరాలూ సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడండి. వణుకుకు వదులు కాని నైలాక్ నట్లే వాడండి.

నిలువుగా, డ్రమ్ములా తిరిగేది ఇళ్ల మధ్య బాగా పనిచేస్తుందంటారు. నిజమా?

సగం నిజం. 1920లలో ఫిన్లాండ్‌కు చెందిన సవోనియస్ తెచ్చిన ఈ రకం ఏ దిక్కు గాలికైనా తిరుగుతుంది, తోక అక్కర్లేదు, సుడిగాలినీ తట్టుకుంటుంది. డ్రమ్మును నిలువునా రెండుగా కోసి చేయొచ్చు కాబట్టి తయారీ తేలిక. కానీ మెల్లగా తిరుగుతుంది, అంతే వెడల్పున్న మూడు రెక్కల చక్రం కంటే తక్కువ ఇస్తుంది, బరువూ ఎక్కువే. చూడ్డానికి బాగుంటుంది. ఫోన్ చార్జింగ్ దాకా ఆశించండి.

## వైరింగ్, బ్యాటరీ

బ్యాటరీ లేకుండా నేరుగా రౌటర్‌కు ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. గాలి విసిరినప్పుడు 30 వోల్టులు, ఆగినప్పుడు సున్నా. ఆ ఎగుడుదిగుళ్లను మింగేది బ్యాటరీయే.

ఏ బ్యాటరీ కొనాలి? యూపీఎస్‌లోది సరిపోతుందా?

సరిపోతుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) సీల్డ్ బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి, మన్నాలంటే సగమే వాడుకోవాలి. 8 వాట్ల రౌటర్‌కు అది ఐదు గంటలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే తేలిక, ఎక్కువ కాలం వస్తుంది. కానీ నిండగానే దాని లోపలి బోర్డు కనెక్షన్ తెంచేస్తుంది, గాలిమర మీద ఒక్కసారిగా లోడు పోయి పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లు లెడ్ యాసిడ్‌తోనే మొదలుపెట్టండి. ఏ బ్యాటరీ అయినా ప్లస్ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి.

డయోడ్ ఎందుకు? లేకపోతే ఏమవుతుంది?

రెండు వైర్ల డీసీ మోటారుకు డయోడ్ లేకపోతే, గాలి ఆగినప్పుడు బ్యాటరీయే మోటారును తిప్పుతుంది. గాలి లేని రోజు కూడా చక్రం గిరగిరా తిరుగుతుంటే మురిసిపోకండి, మీ బ్యాటరీ ఖాళీ అవుతోంది. 10 ఆంపియర్ల షాట్కీ డయోడ్ ఒకటి వేస్తే అర వోల్టే పోతుంది. మూడు వైర్ల మోటారుకు ఆరు డయోడ్‌ల త్రీ ఫేజ్ బ్రిడ్జ్ కావాలి, దాన్ని అల్యూమినియం ప్లేటు మీద బిగించండి, వేడెక్కుతుంది.

ఇంట్లో సోలార్ చార్జ్ కంట్రోలర్ ఉంది. అది పెట్టేయొచ్చా?

నేరుగా వద్దు. సోలార్ కంట్రోలర్ బ్యాటరీ నిండగానే ప్యానెల్‌ను విడగొడుతుంది. ప్యానెల్‌కు అది హాయి, గాలిమరకు ప్రమాదం. లోడు లేని చక్రానికి పగ్గం ఉండదు.

గాలిమరకు కావలసింది, బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటును ఇంకెక్కడికో మళ్లించే ఏర్పాటు. గాలి కోసం చేసిన కంట్రోలర్ కొనొచ్చు, లేదా వోల్టేజి చూసి పనిచేసే రిలే మాడ్యూల్ పెట్టి, 14.4 వోల్టులు రాగానే రెండు 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు వెలిగేలా చేయొచ్చు. జూలై రాత్రి డాబా మీద ఆ బల్బులు వెలుగుతుంటే వీధంతా ఏమిటని అడుగుతారు.

రౌటర్ నడపాలంటే ఇన్వర్టర్ కావాలా?

అక్కర్లేదు. 12ను 230 చేసి, అడాప్టర్ మళ్లీ 12కు దించడమంటే రెండు చోట్లా నష్టమే. బ్యాటరీ వోల్టేజి 11 నుంచి 14.4 దాకా మారుతుంది కాబట్టి, ఎప్పుడూ 12 ఇచ్చే బక్ బూస్ట్ కన్వర్టర్ మధ్యలో పెట్టండి. రౌటర్ అడుగున ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది, కొన్ని 9వీ, 5వీ ఉన్నాయి. ఫోన్‌కు కారు యూఎస్‌బీ చార్జర్ చాలు.

ఎంత మందం వైరు వాడాలి?

2.5 స్క్వేర్ ఎంఎం కాపర్. డాబా నుంచి కింది గదికి 15 మీటర్లయితే రానూ పోనూ 30. గాలి బాగా వీచి 8 ఆంపియర్లు పారినప్పుడు ఈ వైరులో దాదాపు రెండు వోల్టులు పోతాయి. ఇంట్లో మిగిలింది కదా అని 1 స్క్వేర్ ఎంఎం వేస్తే నాలుగుకు పైగా పోతాయి, 12 వోల్టుల వ్యవహారంలో అది మూడో వంతు.

## బిగించడం, ఆపడం

పిట్టగోడకే క్లాంపులు వేసి బిగిస్తే సరిపోదా?

సరిపోదు. గోడకు కొట్టుకుని లేచే గాలి అక్కడ సుడులు తిరుగుతుంది, పైగా వణుకుకు గోడ పగుళ్లిస్తుంది. చక్రం కింది కొస నీళ్ల ట్యాంకు, మెట్ల గది పైకప్పు అన్నిటికంటే కనీసం రెండు మూడు మీటర్లు పైన ఉండాలి. అసలు నియమమైతే 150 మీటర్ల చుట్టుపక్కల ఉన్న ప్రతి అడ్డంకి కంటే 9 మీటర్లు ఎత్తు. ఊళ్లో అది కుదరని పని, పొలంలో కుదురుతుంది.

ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, బీ క్లాసు, మూడు వైపులా స్టే వైర్లు, టర్న్‌బకిల్స్. అడుగున మడత బందు పెట్టించుకుంటే స్తంభాన్ని పడుకోబెట్టి రిపేరు చేసుకోవచ్చు, నిచ్చెన ఎక్కే టెన్షన్ ఉండదు. స్తంభం ఏ వైపు పడినా కరెంటు తీగలకు తగలనంత దూరం ఉండాలి. మన గల్లీల్లో 11 కేవీ లైను డాబాకు చేయి చాచినంత దగ్గరగా పోతుంటుంది. అలాంటి ఇంటి మీద ఈ ప్రయత్నమే వద్దు.

గాలివాన వస్తే ఎలా ఆపాలి?

చేత్తో పట్టుకుని మాత్రం కాదు. మోటారు వైర్లను ఒకదానికొకటి కలిపే బ్రేకు స్విచ్ కింద, చేతికి అందేచోట ఉండాలి. స్విచ్ డయోడ్‌కు ముందు, మోటారు వైపు ఉండాలి. డయోడ్ దాటాక, బ్యాటరీ వైపు పెడితే మీరు షార్ట్ చేసేది బ్యాటరీని. మూడు వైర్లయితే మూడూ కలవాలి. 20 ఆంపియర్లు తట్టుకునే స్విచ్ వేయండి. చక్రం పైకెత్తే ముందే బ్రేకు బిగించి, పనిచేస్తోందో లేదో చూసుకోండి.

మబ్బు కమ్మగానే వేసేయాలి. గాలి అందుకున్నాక వేస్తే మోటారు కాయిల్ వేడెక్కి, బ్రేకు పట్టు జారిపోవచ్చు. మే నెలలో ఊరెళ్తుంటే బ్రేకు మీద నమ్మకం పెట్టుకోకుండా రెక్కలు విప్పి వెళ్లండి. ఉరుముతున్నప్పుడు స్తంభాన్ని, వైర్లను ముట్టుకోవద్దు, స్తంభానికి విడిగా ఎర్తింగ్ ఉండాలి.

తోక తప్పనిసరా? వైరు మెలి తిరగదా?

తోక ఉంటేనే చక్రం గాలికి ఎదురు నిలుస్తుంది. రెక్క పొడవంత బద్ద, దాని చివర ఎగ్జామ్ ప్యాడ్ అంత రేకు చాలు. వైరు మెలి తిరుగుతుంది గానీ మనం భయపడినంత కాదు. పైపు లోపల కాస్త వదులుగా వేలాడదీసి, కింద ప్లగ్గు పెట్టుకోండి. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి మెలిక విప్పేస్తే సరి.

## నడుస్తున్నాక

చక్రం బాగానే తిరుగుతోంది, బ్యాటరీ చార్జ్ కావడం లేదు. ఎందుకు?

తేలిగ్గా, వేగంగా తిరుగుతోందా, బరువుగా మెల్లగా తిరుగుతోందా అన్నది ముందు చూడండి. తేలిగ్గా తిరుగుతుంటే కరెంటు ఎక్కడికీ పోవడం లేదు: ఫ్యూజ్, డయోడ్, తెగిన వైరు వెతకండి. బరువుగా తిరుగుతుంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా బ్రేకు స్విచ్ వేసి మరిచిపోయారు. రెండూ కాకపోతే వోల్టేజి చాలడం లేదు. బ్యాటరీ విప్పి, చక్రం తిరుగుతుండగా మల్టీమీటర్‌తో చూడండి. 12 కూడా దాటకపోతే మోటారు మార్చాల్సిందే, రెక్కలు పెంచితే పని కాదు.

రాత్రి పడగ్గదిలో గుంయ్‌మని మోత వస్తోంది. ఏం చేయాలి?

గాలి చప్పుడు కాదది, మోటారు వణుకు స్తంభంలోంచి స్లాబులోకి దిగుతోంది. స్తంభం అడుగున లారీ టైరు ముక్కలు వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పడగ్గది మీద నుంచి మెట్ల వైపు జరపండి. మోత కొత్తగా మొదలైందంటే మాత్రం బ్రేకు వేసి నట్లు చూడండి.

సంక్రాంతికి పతంగుల మాంజా చుట్టుకుంటే?

చుట్టుకుంటుంది, తప్పదు. డాబాలన్నిటి మీదా పతంగులే ఉన్న వారంలో రెక్కలు విప్పి లోపల పెట్టేయండి. ఎలాగూ జనవరిలో గాలి తక్కువ, నష్టం లేదు. పండగ తర్వాత ఇరుసు చుట్టూ టార్చి వేసి చూడండి. నిషేధించినా చైనా మాంజా ఇంకా దొరుకుతూనే ఉంది, ఆ నైలాన్ దారం ఒక్క మూర బేరింగ్ సీలులోకి పోయినా దాన్ని కోసేస్తుంది. చిక్కిన దారాన్ని చేత్తో లాగకండి, వేళ్లు తెగుతాయి. బ్రేకు వేసి, కత్తెరతో ముక్కలు చేసి తీయాలి.

దసరా నుంచి అసలు తిరగడం లేదు. పాడైందా?

చేత్తో ఒకసారి తిప్పి వదలండి. కాసేపు తిరిగి మెల్లగా ఆగితే బాగానే ఉంది, గాలే లేదు. బ్యాటరీని మాత్రం అలా వదిలేయకండి, లెడ్ యాసిడ్ ఖాళీగా పడి ఉంటే చెడిపోతుంది. నెలకోసారి ఇంటి చార్జర్‌తో నింపండి. బేరింగులకు గ్రీజు పెట్టడం, రెక్కలకు పెయింటు వేయడం లాంటి పనులన్నీ ఈ నెలల్లోనే చేసుకోండి.